కొలవకుండా వేస్తున్న లెక్క

బంగాళాఖాతం నడిమధ్య, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం 90 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసేచోట 2013 నవంబరులో ఒక బోయ్‌ను లంగరు వేశారు. పై నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో, ఆ నీటి ఆమ్లత ఎంతో మూడేసి గంటలకోసారి కొలిచి ఉపగ్రహం ద్వారా పంపడం దాని పని. ఈ సముద్రంలో ఆ పనిని నెలల తరబడి విడవకుండా చేసిన తొలి పరికరం అదే. దాన్ని అక్కడ పెట్టింది అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పరిశోధకులు బంగాళాఖాతం కార్బన్ పటాలు తయారుచేసినప్పుడు, తమ కంప్యూటర్ చెబుతున్నది నిజమో కాదో సరిచూసుకోవడానికి ఆ బోయ్ పంపిన అంకెలనే ఆశ్రయించారు. సముద్రం మనది, శాస్త్రవేత్తలు మనవాళ్లు, కంప్యూటరూ మనదే. సరిచూసే కొలత మాత్రం పరాయిది.

మా అభియోగం ఇది. సముద్రం వేడెక్కితే అందులోని కార్బన్ చక్రం ఎటు పోతుందో లెక్కగట్టే నమూనాల కోసం, వాటిని నడిపే యంత్రాల కోసం కేంద్ర ప్రభుత్వం ధారాళంగా ఖర్చు చేస్తోంది. ఆ నమూనాలకు తిండి లాంటి కొలతల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటోంది. ఉన్న కాసిని కొలతలైనా పదిమందికీ అందే ఏర్పాటు చేయడం లేదు. తప్పు శాస్త్రవేత్తలది కాదు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖది, దానికి ప్రాధాన్యాలు రాసిచ్చేవాళ్లది, ఈ సంగతిలో గట్టిగా నిలదీయని చట్టసభలది.

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి నుంచి సముద్రం అటూఇటూగా మూడు వందల కిలోమీటర్లు. తెలంగాణకు అంగుళం తీరం లేదు. ఇక్కడివాళ్లకు ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. దేశానికి సునామీ హెచ్చరికలు 2007 నుంచి వెళుతున్నది ఈ నగరంలోంచే. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీదున్న భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో, హిందూ మహాసముద్రం అడుగు బురదలో దొరికే ఫొరామినిఫెరా గుల్లల్లోని ఐసోటోపులు కొలిచి, వేల ఏళ్ల కిందటి సముద్రం తీరును చదివారు. ఉప్పల్, నాచారం మురుగు మూసీలో పడుతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణకు వరదొస్తే ఆ నీరు హంసలదీవి దాటి సముద్రంలోకి పోతుంది. 2018లో మొదలై ఏళ్లూపూళ్లూ సాగిన నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల కింద ఉప్పల్‌లో నిలబడిపోయిన బండ్లు ఎంత పొగ వదిలాయో ఎవరూ లెక్కగట్టలేదు గానీ, మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు చేరేది సముద్రాలకే. ఏటా సుమారు 290 కోట్ల టన్నుల కార్బన్‌ను అవి మింగుతున్నాయి. అలా మింగబట్టే మన ఎండాకాలం ఈ మాత్రంగానైనా ఉంది. ఆ మింగుడు తగ్గితే అందులో సైనిక్‌పురికి మినహాయింపేమీ ఉండదు.

వేడికీ కార్బన్‌కూ ఉన్న సంబంధంలో మొదటి పాఠం గోలీ సోడా తాగినవాళ్లందరికీ తెలిసిందే. ఐసులో పెట్టిన సీసాలో గ్యాసు నిలుస్తుంది. ఎండలో ఉన్న సీసా గోలీ నొక్కగానే పొంగి చేతిమీద కారుతుంది. సముద్రమూ అంతే. సున్నా డిగ్రీల దగ్గర సముద్రపు నీరు 25 డిగ్రీల నీటికన్నా రెట్టింపుకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుంటుంది. అమెరికాలోని లామంట్ పరిశోధనశాలలో దశాబ్దాలపాటు ఈ కొలతల మీదే పనిచేసిన టారో తకహాషి దీనికొక అంకె ఇచ్చారు: మిగతావేవీ మారకుండా నీటిని ఒక్క డిగ్రీ వేడిచేస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పీడనం 4.23 శాతం పెరుగుతుంది. సముద్ర కార్బన్ నమూనాలు కట్టేవాళ్లకు ఇది ఎక్కాల పుస్తకంలాంటి అంకె.

అయితే నిజమైన సముద్రంలో మిగతావన్నీ మారుతూనే ఉంటాయి. అరేబియా సముద్రాన్నే చూడండి. నైరుతి రుతుపవనాలు ఉధృతంగా వీచే జూలైలో సోమాలియా, ఒమన్ తీరాల దగ్గర నీరు మూడు నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. తకహాషి అంకె ప్రకారం కార్బన్ డయాక్సైడ్ పీడనం తగ్గాలి. జరిగేది దానికి తలకిందులు. నీటిని చల్లబరిచింది లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన నీరు. దాని నిండా కిందటి దశాబ్దాల్లో కుళ్లిన జీవపదార్థపు కార్బన్ ఉంటుంది. కాబట్టి చల్లబడుతున్న నీరే గాలిలోకి కార్బన్ డయాక్సైడ్‌ను కక్కుతుంది. 1994 నుంచి 1997 దాకా సాగిన జేజీఓఎఫ్‌ఎస్ అనే అంతర్జాతీయ సముద్ర కార్బన్ పరిశోధన యాత్రల్లో మన ‘సాగర్ కన్య’ నౌక మీద వెళ్లిన గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) శాస్త్రవేత్తలు కొలిచి, మధ్య, తూర్పు అరేబియా సముద్రం ఏడాది పొడవునా కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేదేనని 1998లో ప్రకటించారు. ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే పట్టుకుని లెక్కవేసేవారు అక్కడ దెబ్బతింటారు.

బంగాళాఖాతం స్వభావం వేరు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీరు, ఆపైన రుతుపవనాల వానలు కలిసి ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటాయి. ఎండకు ఆ పొర ఇంకా తేలికవుతుంది. గాలి ఎంత కొట్టినా కింది నీరు పైకి రావడం కష్టం. పోషకాలు అడుగునే ఉండిపోతాయి, ప్లాంక్టన్ పలచబడుతుంది. హిందూ మహాసముద్రం 1950 నుంచి 2020 నాటికి 1.2 డిగ్రీలు వేడెక్కిందని, ఈ శతాబ్ది చివరికి మరో 1.7 నుంచి 3.8 డిగ్రీల దాకా వేడెక్కవచ్చని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఐఐటీఎంకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం అంచనా వేసింది. అంటే ఈ పొర ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు గాలిలోని కార్బన్‌ను పీల్చి కిందికి దింపే జీవపంపు ఏమవుతుంది?

ఈ ప్రశ్న దగ్గరే నమూనాల బండారం బయటపడుతుంది. నీడలో పడి ఉన్న ఈ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే నేరం జరిగింది ఇక్కడే.

నమూనా అంటే సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, గడిగడికీ నీటి కదలిక, వేడి, పోషకాలు, ప్లాంక్టన్, కార్బన్ ఎలా మారతాయో సమీకరణాలతో నడిపే లెక్క. ప్రపంచ వాతావరణ నమూనాల్లో ఒక్కో గడి వంద కిలోమీటర్ల వరకు ఉంటుంది. గోదావరి ఏడు పాయలూ కోనసీమతో సహా ఒకే గడిలో మాయమైపోతాయి. ఇన్‌కాయిస్ వాడే ప్రాంతీయ నమూనాల గడులు సుమారు తొమ్మిది కిలోమీటర్లవి, అది మేలే. కానీ గడి చిన్నదైనంత మాత్రాన లోపల పెట్టిన సూత్రం మన సముద్రానిది అయిపోదు. వేడికి ప్లాంక్టన్ ఎంత వేగంగా పెరుగుతుందన్నదానికి ఇప్పటికీ ఎక్కువమంది వాడేది రిచర్డ్ ఎప్లీ 1972లో ఇచ్చిన సూత్రం: పది డిగ్రీలు పెరిగితే గరిష్ఠ పెరుగుదల వేగం 1.88 రెట్లు. చచ్చిన ప్లాంక్టన్, దాన్ని తిన్న జీవుల మలం అడుగుకు రాలుతుంటే దారిలో సూక్ష్మజీవులు ఎంత తినేస్తాయి, లోతుకు ఎంత చేరుతుంది అన్నదానికి వాడేది జాన్ మార్టిన్ 1987లో గీసిన వక్రరేఖ. దానిలోని ఘాతాంకం 0.858. ఆ అంకె పుట్టింది ఈశాన్య పసిఫిక్‌లో, కాలిఫోర్నియాకు ఎదురుగా. గోదావరి ఒండ్రును ఆ నీళ్లు ఎరగవు.

మరి మన దగ్గర? 1980ల చివర ఎన్‌ఐఓ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి బంగాళాఖాతం లోతుల్లో గరాటుల్లాంటి పరికరాలు దించి, పైనుంచి రాలే పదార్థాన్ని పట్టాయి. నదులు తెచ్చే మట్టిరేణువులు జీవపదార్థానికి అంటుకుని దాన్ని బరువెక్కించి, తొందరగా అడుగుకు లాక్కుపోతున్నాయని అందులో తేలింది. 1991లో నేచర్ పత్రికలో అచ్చయిన సంగతి అది. సూక్ష్మజీవులు తినేలోపే కార్బన్ లోతుకు దిగిపోతోంది. బంగాళాఖాతం ప్రత్యేకత ఇదే. వేడి పెరిగితే సూక్ష్మజీవులు తొందరగా తింటాయి, కార్బన్ పైపైనే తిరిగి గ్యాసవుతుంది. ఒండ్రు ఉంటే కార్బన్ తొందరగా మునుగుతుంది. ఈ రెండింటి పరుగుపందెంలో గెలిచేదాన్ని బట్టే ఈ సముద్రం రేపు మనకు సాయం చేస్తుందా, చెయ్యి ఇస్తుందా అన్నది తేలుతుంది.

ఆ పందెంలో ఒకవైపు కాళ్లు మనమే విరగ్గొట్టాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా 15 కోట్ల టన్నులుండగా 1990ల నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. కృష్ణ సంగతి ఇంకా దారుణం: 1960ల చివర 90 లక్షల టన్నులు, 2000 తరువాత 4 లక్షల టన్నులు. శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్, శ్రీశైలం వెనక పేరుకున్న మట్టి అది. ఆ ఆనకట్టలు అక్కర్లేదని ఎవరూ అనరు. హైదరాబాద్ తాగుతున్నదీ ఆ నీళ్లే. కానీ అవతల నీరు వేడెక్కుతుంటే ఇవతల ఒండ్రు ఆగిపోయింది. ఈ రెండు మార్పులూ ఒకేసారి పడుతున్న సముద్రానికి కాలిఫోర్నియా అంకె పెట్టి లెక్క తీస్తే వచ్చేది కాలిఫోర్నియా జవాబే. దాన్ని సరిచేయాలంటే ఆ గరాటులు మళ్లీ నీళ్లలోకి దిగాలి, ఏళ్ల తరబడి ఉండాలి. అది ప్రారంభోత్సవాలకు పనికొచ్చే పని కాదు. అందుకే ఎవరికీ ముద్దు రాదు.

లెక్క తప్పితే ఎలా ఉంటుందో 2023 చూపించింది. ఆ ఏడాది సముద్రాల పైపొర రికార్డు స్థాయిలో వేడెక్కింది. ఎల్ నినో వచ్చిన ఏడాది తూర్పు పసిఫిక్‌లో లోతునీరు పైకి రావడం తగ్గుతుంది కాబట్టి సముద్రాలు మామూలుకన్నా కాస్త ఎక్కువే కార్బన్ మింగాలి. నిపుణులు ఎదురుచూసింది అదే. 2025లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన యెన్స్ మ్యూలర్, నికోలస్ గ్రూబర్ బృందం లెక్క చూస్తే, ధ్రువప్రాంతాలు కాని సముద్రాలు ఆశించినదానికన్నా దాదాపు పది శాతం తక్కువ మింగాయి. అంటే వంద కోట్ల టన్నులకు దగ్గరగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోనే ఉండిపోయింది. ఉత్తర అట్లాంటిక్ వేడి దీనికి ప్రధాన కారణం. ఆ సంగతి తెలిసిందెలా? అట్లాంటిక్‌లో సరుకు నౌకలకు, పరిశోధన నౌకలకు, బోయ్‌లకు పరికరాలు కట్టి ఏళ్లుగా కొలుస్తున్నారు కాబట్టి. రేపు బంగాళాఖాతంలో అదే జరిగితే మనకు తెలిసే దారి లేదు.

హిందూ మహాసముద్రం మొత్తం మీద లెక్కగట్టే ప్రయత్నం జరగకపోలేదు. విశాఖ ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ నాయకత్వంలో 2013లో వచ్చిన అధ్యయనం, 44 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా ఈ సముద్రం ఏటా సుమారు 37 కోట్ల టన్నుల కార్బన్‌ను మింగుతోందని తేల్చింది. అందులో సింహభాగం దక్షిణాదిన చల్లటి నీళ్లది. ఉత్తరాన, అంటే మన ఇంటి ముందు, ఒక పద్ధతి లెక్కకూ మరో పద్ధతి లెక్కకూ పొంతన కుదరలేదు. పొంతన కుదరకపోవడానికి పెద్ద కారణం కొలతల కొరతే. ప్రపంచ దేశాల కార్బన్ కొలతలను ఒకచోట చేర్చే సోకాట్ అనే భాండాగారం 2011 నుంచి నడుస్తోంది. దాని పటం తెరిచి చూడండి. అట్లాంటిక్, పసిఫిక్ మీద గీతల మీద గీతలు. ఉత్తర హిందూ మహాసముద్రం దాదాపు ఖాళీ.

శర్మ బృందమే 2015లో ఇంకో సంగతి బయటపెట్టింది. 1991లో కొలిచిన తీర బంగాళాఖాతాన్ని 2011లో మళ్లీ కొలిచి పోల్చారు. ఒకప్పుడు కార్బన్‌ను బాగా పీల్చే ప్రాంతమని పేరుపడిన వాయవ్య భాగం ఇప్పుడు వదిలే ప్రాంతంగా మారినట్టు కనబడింది. చలికాలపు గాలుల్లో భూమి మీది నుంచి కొట్టుకొచ్చే సల్ఫేట్, నైట్రోజన్ ధూళికణాలు నీటి ఆమ్లతను పెంచడం ఇందుకు కారణమని వాళ్లు చెప్పారు. వేడి మీద నెపం పెట్టి చేతులు దులుపుకునే వీలు లేదన్నమాట, పొగగొట్టాల వాటా కూడా ఉంది. ఇంత పెద్ద మాటకు ఆధారం ఇరవై ఏళ్ల ఎడంతో తీసిన రెండు కొలతలు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏటా పెరుగుతున్నది రెండున్నర పీపీఎం. సముద్రంలో రుతువులను బట్టి వచ్చే హెచ్చుతగ్గులు దానికి పదుల రెట్లు. ఆ గోలలోంచి అసలు మార్పును పట్టుకోవాలంటే రెండు మైక్రో అట్మాస్ఫియర్ల లోపు తేడాతో, ఏడాది పొడవునా, విడవకుండా కొలవాలి. రెండు యాత్రలతో అయ్యే పని కాదని అందరికన్నా బాగా తెలిసినవాళ్లు ఆ యాత్రలు చేసినవాళ్లే.

ఇక డబ్బు సంగతి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 4,077 కోట్ల రూపాయలతో అయిదేళ్ల డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. అందులో వాతావరణ మార్పు సలహా సేవలు ఒక భాగమే గానీ, పత్రికల మొదటి పేజీకి ఎక్కింది ముగ్గురు మనుషుల్ని ఆరు కిలోమీటర్ల లోతుకు తీసుకెళ్లేందుకు తలపెట్టిన జలాంతర వాహనం మత్స్య 6000, సముద్రగర్భంలోని ఖనిజాల ఉండలు. 2024 సెప్టెంబరు 26న ప్రధానమంత్రి 850 కోట్ల రూపాయల అర్క, అరుణిక సూపర్ కంప్యూటర్లను జాతికి అంకితం చేశారు. రెండూ కలిసి 20 పెటాఫ్లాప్‌లు. బాగుంది. పుణె ఐఐటీఎం తయారుచేసిన భూ వ్యవస్థ నమూనా దేశం తరఫున తొలిసారి ఐపీసీసీ నివేదికల వెనకున్న అంతర్జాతీయ పోలికలో పాల్గొంది, అదీ గర్వించదగ్గదే. కానీ ఎన్ని పెటాఫ్లాప్‌లు ఉన్నా యంత్రం తెలియని అంకెను పుట్టించలేదు. తెలియని అంకె మీద వేగంగా తప్పు చేస్తుంది, అంతే.

ఈ నిర్లక్ష్యానికి ఒక నిర్మాణపరమైన కారణం ఉంది. ఐక్యరాజ్యసమితికి దేశాలు సమర్పించే ఉద్గారాల ఖాతాలో అడవుల వాటా రాసుకోవచ్చు, సముద్రం సహజంగా మింగే కార్బన్‌ను ఎవరూ తమ ఖాతాలో వేసుకోలేరు. 2070 నాటికి నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో మాటిచ్చిన ప్రభుత్వానికి చెట్లు లెక్కపెడితే మార్కులు వస్తాయి. సముద్రాన్ని కొలిస్తే రావు. మార్కులు రాని పాఠం చదవని పిల్లాడి తీరు ఒక దేశానికి తగదు. పైగా సముద్రం మింగడం తగ్గిన ప్రతి టన్నుకూ మిగిలిన దేశాలతోపాటు మనమూ అంతమేరకు ఉద్గారాలు తగ్గించుకోవాల్సి ఉంటుంది. ఖాతాలో కనబడదు గానీ బాకీ మాత్రం మన మీదే పడుతుంది.

ఉన్న కొలతలను పంచకపోవడానికి అడ్డుపెట్టే రహస్యం అన్న మాట కూడా తేల్చుకోవాలి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలంలో చేసిన కొలతలను పంచడంపై భద్రతాపరమైన ఆంక్షలు ఉన్నాయి. సైనిక్‌పురి రిటైరైన సైనికుల కోసం వెలసిన కాలనీ. ఇక్కడున్న నౌకాదళ పెద్దలకు మనం చెప్పనక్కర్లేదు, సముద్రపు లోతును బట్టి ఉష్ణోగ్రత ఎలా మారుతుందో తెలిస్తే శబ్దం ఎటు వంగుతుందో తెలుస్తుంది, జలాంతర్గామి ఎక్కడ దాక్కోగలదో తెలుస్తుంది. ఎండకు పైనీరు వేడెక్కిన మధ్యాహ్నాల్లో సోనార్ చూపు ఎందుకు మందగిస్తుందో కనిపెట్టడానికే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, లోతును బట్టి ఉష్ణోగ్రత కొలిచే బాతీథెర్మోగ్రాఫ్ అంతగా వాడకంలోకి వచ్చింది. కాబట్టి ఉష్ణోగ్రత కొలతల్లో కొన్నిటికి గోప్యత అవసరం కావచ్చు. నీటిలో కరిగిన కార్బన్ ఎంతో తెలిస్తే ఏ శత్రువు ఏ జలాంతర్గామిని పట్టుకుంటాడు? ఏది దాచాలి, ఏది దాచనక్కర్లేదు అని తేల్చే ఓపిక లేక అన్నిటినీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేయడం భద్రత కాదు, బద్ధకం. ప్రజాధనంతో సేకరించిన రహస్యం కాని సమాచారం ప్రజలకు అందాలని 2012లో ఈ ప్రభుత్వ యంత్రాంగమే విధానం రాసుకుంది.

మన సముద్రశాస్త్రం మొదటి నుంచీ ఇలా లేదు. 1952లో అమెరికా నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల నుంచి యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు. విశాఖ రేవులోని నౌకాదళం ఓడలు అడిగి తీసుకుని, ఆయనా ఇక్కడి విద్యార్థులూ తీరం వెంట ఉష్ణోగ్రతలు, లవణీయత కొలిచారు. కొలిచినవి బీరువాలో పెట్టలేదు. విశ్వవిద్యాలయమే 1954లో, 1958లో సముద్రశాస్త్ర సంపుటాలుగా అచ్చువేసి లోకానికి పంచింది. ఆ తరువాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో 1962 నుంచి 1965 దాకా మన నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ కిస్త్నా పాల్గొంది. మన కృష్ణమ్మ పేరు పెట్టుకున్న యుద్ధనౌక అది. ఆ యాత్రల ఫలితంగా 1966 జనవరి 1న ఎన్‌ఐఓ పుట్టింది. యాత్ర కొలతలన్నీ కలిపి క్లాస్ విర్ట్‌కీ 1971లో అట్లాస్ వేశారు. ఒక పక్క చైనా యుద్ధం, ఇంకో పక్క పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన సంవత్సరాలవి. దేశానికి అప్పుడూ భద్రత కావాలి, అప్పుడూ రహస్యాలున్నాయి. అయినా కొలిచారు, పంచారు.

ఇప్పుడు మనం ఆధారపడిన ఆ నోవా బోయ్ పరిస్థితి ఏమిటి? 2026 ఆర్థిక సంవత్సరానికి ట్రంప్ ప్రభుత్వం పంపిన బడ్జెట్ ప్రతిపాదన నోవా పరిశోధన విభాగాన్నే ఎత్తివేయమంది. అక్కడి కాంగ్రెస్ ఏం చేసినా అది వాళ్ల వ్యవహారం. వాషింగ్టన్‌లో ఒక ఫైలు కదిలితే బంగాళాఖాతం మీద మన కన్ను మూసుకుపోయే స్థితికి రావడం మన వ్యవహారం. ఇంకో బలహీనత కూడా ఉంది. కార్బన్ కొలిచే పరికరం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, ఎంత కార్బన్ ఉందో కచ్చితంగా తెలిసిన ప్రామాణిక సముద్రపు నీటి సీసాలు కావాలి. ప్రపంచమంతా ప్రధానంగా శాన్ డియాగోలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల మీదే ఆధారపడింది. కోవిడ్ కాలంలో అక్కడ పని ఆగితే దేశదేశాల సముద్రశాస్త్రవేత్తలు సీసాలు పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది. ఆరు కిలోమీటర్ల లోతుకు మనిషిని పంపాలని పూనుకున్న దేశం ఉప్పునీళ్లు సీసాలో పట్టి, శుద్ధిచేసి, కచ్చితంగా కొలిచి ముద్రవేయలేదా?

పరికరాల సంగతీ అంతే. కార్బన్ సెన్సర్లు ప్రధానంగా విదేశీ కంపెనీల సరుకు. సైనిక్‌పురికి కూతవేటు దూరంలో ఈసీఐఎల్ ఉంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను 1960ల చివర తయారుచేసి దేశానికి ఇచ్చిన సంస్థ. దేశం ఓట్లు వేసే యంత్రాలు చేసే సంస్థ. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఎలక్ట్రానిక్స్, పరికరాల తయారీ తెలిసిన చేతులకు కొదవలేదు. ఇన్‌కాయిస్ అవసరం ఊరికి ఆ చివర, తయారుచేయగలవాళ్లు ఊరికి ఈ చివర. మధ్యలో ఉన్నది ఊరొక్కటే. మంత్రిత్వ శాఖ ఒక స్పష్టమైన ఆర్డరు ఇస్తే ఈ రెండు చివరలూ కలుస్తాయి.

అధికారుల జవాబు ఏమిటో మాకు తెలుసు. ఓషన్‌శాట్-3 ఉంది, ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి, మెషీన్ లెర్నింగ్ ఉంది అంటారు. 2022లో ఎగిరిన ఆ ఉపగ్రహం నీటి రంగును, వేడిని చూస్తుంది, కరిగిన కార్బన్‌ను చూడలేదు. నీళ్లలో మునుగుతూ తేలుతూ తిరిగే ఆర్గో ఫ్లోట్లలో ఎక్కువ భాగం కొలిచేది ఉష్ణోగ్రత, లవణీయత. మెషీన్ లెర్నింగ్ ఉన్న కొలతల మధ్య ఖాళీలను తెలివిగా పూరిస్తుంది, కొలతలే లేనిచోట దాని తెలివి ఏ మేరకు నమ్మాలో చెప్పడానికి మళ్లీ కొలతే కావాలి. ఇది ఇన్‌కాయిస్ పరిశోధకులు తమ పత్రాల్లో దాచని సంగతి, పైనున్నవాళ్లే వినడం లేదు.

ఆలస్యం చేస్తే ఈ ఖాళీలోకి దూరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. సముద్రంలో సున్నం కలుపుతాం, ఇనుము చల్లుతాం, నాచు పెంచి ముంచుతాం, ఇంత కార్బన్ మాయం చేశామని కాగితం ఇస్తాం అనే కంపెనీలు ప్రపంచమంతటా క్రెడిట్లు అమ్ముతున్నాయి. ఇనుము చల్లే ప్రయోగం మనవాళ్లు చేసి చూసినదే. 2009లో ఎన్‌ఐఓ, జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో మూడు వందల చదరపు కిలోమీటర్ల మేర లోహాఫెక్స్ నిర్వహించాయి. ప్లాంక్టన్ పెరిగింది, చిన్న రొయ్యల్లాంటి కోపిపాడ్లు దాన్ని మేసేశాయి, లోతుకు దిగిన కార్బన్ అత్యల్పం. కొలిచారు కాబట్టి ఆ నిజం తెలిసింది. రేపు మన ఆర్థిక మండలంలో ఎవరైనా ఈ వ్యాపారం మొదలుపెడితే, ముందు ఎంత ఉండేది, తరువాత ఎంత మారింది అని చెప్పగల ఆధారరేఖ ఎవరి దగ్గర ఉంది?

డీప్ ఓషన్ మిషన్ అయిదేళ్ల గడువు 2026తో ముగుస్తుంది. తరువాతి దశ లెక్కలు తేల్చేది పార్లమెంటు. ఉప్పల్, సైనిక్‌పురి రెండూ మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. తీరం లేని నియోజకవర్గం ఎంపీ సముద్రం గురించి ప్రశ్న వేయకూడదన్న నిబంధన ఏదీ లేదు. ‘సాగర్ కన్య’ 1983లో నీళ్లలోకి దిగినప్పటి నుంచి ‘సింధు సాధన’ దాకా మన నౌకలు తెచ్చిన కార్బన్ కొలతలు ఎన్ని, వాటిలో ఎన్ని బయటి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి, మిగిలినవి ఎవరి ఆదేశం మీద ఆగాయి, గోదావరి ముఖద్వారం ఎదుట ఒకటి, మధ్య బంగాళాఖాతంలో ఒకటి మన సొంత కార్బన్ బోయ్‌లు ఏ తేదీ నాటికి పెడతారు, రాలే పదార్థాన్ని పట్టే పరికరాలను మళ్లీ ఎప్పుడు దించుతారు అని మంత్రిని అడగాలి. జవాబు సభ బల్ల మీదకు తేదీతో సహా రాతపూర్వకంగా రావాలి.